రోడ్డు లేని చోటు కోసం

టెంటు వేసుకుని రెండు రాత్రులు బయట గడపాలంటే మనం ముందు ఏం అడుగుతాం? కుళాయి ఉందా, బాత్రూము ఉందా, ఫోను ఛార్జింగు పెట్టుకోవచ్చా, బండి దగ్గరదాకా వెళ్తుందా. నేనైతే ఇవే అడుగుతాను. అమ్మ ఇంకో నాలుగు కలుపుతుంది.

అమెరికాలో ఒకాయన దీన్ని పూర్తిగా తిరగేసి జాబితా రాసుకున్నాడు. రోడ్డు ఉండకూడదు. ఇళ్ళు, హోటళ్ళు ఉండకూడదు. సామాను గుర్రం మీదో, పడవలోనో, వీపు మీదో మోసుకుపోవాలి. రెండు వారాలు తిరిగినా ఆ అడవి అయిపోకూడదు. ఆయన పేరు ఆల్డో లియోపోల్డ్. ప్రకృతి సంరక్షణ గురించి చదివేవాళ్ళకి ప్రపంచమంతటా తెలిసిన పేరు. తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద ఆయనకేం పని అని మీరు అడగొచ్చు. ఆయన ఉద్యోగం అడవులదే అయినా, జనం ఇప్పటికీ ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఒక చిన్న వచన పుస్తకం వల్ల. అదొక కారణం. ఆయనది కూడా మా ఇంటిలాగా రెండు భాషల ఇల్లు కావటం ఇంకో కారణం.

లియోపోల్డ్ 1887 జనవరి 11న అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌లో పుట్టాడు. మిసిసిపీ నది పక్కన, ఎత్తైన గట్టు మీద వాళ్ళ ఇల్లు. జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో జర్మన్, గడప దాటితే ఇంగ్లీషు. నేను నాన్నమ్మతో తెలుగు, అమ్మమ్మతో తమిళం మాట్లాడినట్టే అన్నమాట. నలుగురు పిల్లల్లో ఈయనే పెద్దవాడు.

తండ్రి కార్ల్ లియోపోల్డ్‌ది వాల్‌నట్ కర్రతో ఆఫీసు బల్లలు చేయించే వ్యాపారం. వేటంటే ప్రాణం. పిల్లల్ని వెంటబెట్టుకుని నది పక్కన పల్లపు నేలల్లో తిప్పేవాడు, ఏ జంతువు ఎక్కడ పడుకుంటుందో, ఏం తింటుందో చూపించేవాడు. అయితే బాతులు గుడ్లు పెట్టడానికి ఉత్తరానికి పోయే వసంతకాలంలో మాత్రం తుపాకీ ముట్టటం మానేశాడు. అప్పటికి అలా మానాలని చట్టమేమీ లేదు. తనకు తానే మానుకున్నాడు. కొడుక్కి ఆయన నేర్పిన పాఠాల్లో ఇదే పెద్దదని నాకనిపిస్తుంది.

ఇక్కడ ఆ నేల గురించి కొంచెం చెప్పాలి. ఒహాయో నుంచి అయోవా, విస్కాన్సిన్, మిన్నెసోటా మీదుగా పరుచుకున్న రాష్ట్రాలని మిడ్‌వెస్ట్ అంటారు. తెల్లవాళ్ళు ఆక్రమించుకున్నాక ప్రభుత్వం సర్వే చేయించి, ఆ భూమిని మైలు పొడుగు, మైలు వెడల్పు ఉండే చదరాలుగా గీసింది. ఒక్కో చదరం 640 ఎకరాలు. చాలాచోట్ల ఆ గీతల మీదే రోడ్లు పడ్డాయి. పైనుంచి చూస్తే అష్టాచెమ్మా గళ్ళలాగే ఉంటుంది. మనిషెత్తు గడ్డి పెరిగిన మైదానాలు మొక్కజొన్న పొలాలయ్యాయి. చిత్తడి నేలల్ని కాలవలు తవ్వి ఎండగట్టారు. లియోపోల్డ్ చిన్నప్పుడు బాతుల కోసం తిరిగిన లాంటి పల్లపు నేలలు కూడా గట్లు కట్టుకుని పొలాలైపోయాయి. ఎటు నడిచినా రోడ్డో, ఎవరిదో కంచో తగిలే నేల మీద ప్రశాంతంగా ఒక టెంటు ఎక్కడ వేస్తాం? ఇప్పటికీ అక్కడివాళ్ళని వేధించే ప్రశ్న ఇది. లియోపోల్డ్ జీవితమంతా దీనికి జవాబు వెతకటంలోనే గడిచిందని చెప్పొచ్చు.

మొదటి జవాబుగా ఆయన మిడ్‌వెస్ట్‌నే వదిలేశాడు. యేల్ యూనివర్సిటీలో అటవీశాస్త్రం చదివి, 1909లో ప్రభుత్వ అటవీశాఖలో చేరి, అరిజోనా ప్రాంతానికి వెళ్ళాడు. అక్కడ గుర్రమెక్కితే రోజుల తరబడి ఒక్క రోడ్డు కూడా అడ్డం రాదు. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ఇంకేం కావాలి! కానీ ఒక్క మాట మరిచిపోకూడదు. ఆ నేల మొదటినుంచీ అలా ఖాళీగా లేదు, అది అపాచీల నేల. వాళ్ళ నాయకుడు జెరోనిమో బందీగానే ఉండి, అదే 1909లో, సొంత కొండలకి దూరంగా చనిపోయాడు. లియోపోల్డ్‌కి కనిపించిన ఖాళీ వెనకాల అంతమందిని వెళ్ళగొట్టిన చరిత్ర ఉంది.

ఆ తొలి రోజుల్లోనే తోడేలు సంగతి జరిగింది. ఒకరోజు కొండ అంచున కూర్చుని భోజనం చేస్తుంటే కింద ఏరు దాటుతూ ఒక తోడేలు, దాని పిల్లలు కనిపించాయి. అప్పట్లో తోడేలు కనిపిస్తే కాల్చకుండా వదిలేవాళ్ళు లేరు. అందరూ కాల్చారు. ఆయన దిగి దగ్గరికి వెళ్ళేసరికి పెద్ద తోడేలు ప్రాణం పోతోంది. దాని కళ్ళలో ఆకుపచ్చటి వెలుగు ఆరిపోవటం ఆయన చూశాడు. చూశాడేగానీ అప్పుడే మారిపోలేదు. తోడేళ్ళు తగ్గితే జింకలు పెరుగుతాయి, జింకలు పెరిగితే వేటగాళ్ళకి పండగ అనే లెక్కలోనే ఉన్నాడు. తర్వాత పదేళ్ళపాటు వేటగాళ్ళ సంఘాలు పెట్టించి, తోడేళ్ళనీ కొండసింహాలనీ మిగలకుండా చంపాలని ప్రచారం కూడా చేశాడు. ఆ ఆకుపచ్చ వెలుగు గురించి ఆయన రాసింది 1944లో. అంటే, తను చేసింది తప్పని కాగితం మీద పెట్టడానికి ముప్పై అయిదేళ్ళు పట్టింది.

1912లో శాంటా ఫేలో ఎస్టెల్లా బెర్గెరేని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది న్యూమెక్సికోలో తరతరాలుగా ఉంటున్న స్పానిష్ కుటుంబం. జర్మన్, ఇంగ్లీషు ఉన్న ఇంట్లోకి స్పానిష్ కూడా వచ్చి చేరింది. మరుసటి ఏడు ఏప్రిల్లో, గొర్రెల కాపర్ల తగువు తీర్చటానికి వెళ్ళి, వానలో మంచులో తడిసి, తడి పక్కబట్టల్లోనే పడుకుని, కిడ్నీల జబ్బుతో చావుదాకా వెళ్ళాడు. కోలుకోవటానికి ఏడాదిన్నర పట్టింది. బయట పడుకోవటం గురించి గొప్పగా రాసే చాలామంది ఇలాంటివి చెప్పరు. ఆయనకి ఆ నిద్ర ఖరీదు బాగా తెలుసు. తెలిసీ మళ్ళీ వెళ్ళాడు.

మొదటి ప్రపంచయుద్ధం అయిపోయాక కార్లు చవకయ్యాయి. అడవుల్లోకి జనం రావాలని అటవీశాఖే రోడ్లు వేయటం మొదలుపెట్టింది. ఒకప్పుడు వారాల తరబడి గుర్రం మీద తిరిగిన అడవులు ఒకదాని తర్వాత ఒకటి ముక్కలవుతుంటే లియోపోల్డ్ లెక్క వేసుకుంటూ వచ్చాడు. 1921లో అటవీశాఖ అధికారులు చదివే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. నేను మొదట చెప్పిన జాబితా అందులోదే. అందరికీ రోడ్లు కావాలంటే సరే, వేయండి. రోడ్డు లేని చోటు కావాలనుకునే కొద్దిమందికి కూడా ఒక ముక్క వదలండి. ఇదీ ఆయన వాదన సారాంశం. రోడ్డు ఎప్పుడైనా వేసుకోవచ్చు, వేసిన రోడ్డుని వెనక్కి తీసుకోవటం మాత్రం కుదరదు.

1922లో న్యూమెక్సికోలోని గీలా అడవిని అలా వదిలేయాలని ప్రతిపాదన పెట్టాడు. 1924 జూన్ 3న ఆమోదం వచ్చింది. ఏడున్నర లక్షల ఎకరాలకు పైగా నేల, రోడ్డు లేకుండా ఉంచాలని ప్రభుత్వశాఖ నిర్ణయించటం అమెరికాలో అదే మొదలు. తమాషా ఏమిటంటే, ఉత్తర్వు వచ్చేనాటికి ఆయన అక్కడ లేడు. బదిలీ మీద విస్కాన్సిన్ రాష్ట్రంలోని మ్యాడిసన్‌కి బయల్దేరిపోయాడు. తిరిగి తిరిగి మళ్ళీ మిడ్‌వెస్ట్‌కే చేరాడన్నమాట.

వచ్చిన నెలలోనే కొడుకుల్ని తీసుకుని ఉత్తరాన కెనడా సరిహద్దు దాటి క్వెటికో సరస్సుల్లోకి పడవల మీద వెళ్ళాడు. స్టార్కర్‌కి పదేళ్ళు, లూనాకి ఎనిమిది. (లూనా అంటే ఆడపిల్ల అనుకోకండి, అమ్మ వైపు బంధువుల ఇంటిపేరు పెట్టిన మగపిల్లాడు.) అక్కడ ఒక సరస్సు అయిపోగానే పడవని నెత్తికెత్తుకుని నేల మీద నడిచి ఇంకో సరస్సులో దింపాలి. రాత్రి ఏ రాతిగట్టు నచ్చితే అక్కడ టెంటు. మిడ్‌వెస్ట్‌లోనూ అలాంటి చోట్లు పూర్తిగా పోలేదని, ఇంకా ఉత్తరాన అంచుల్లో మిగిలాయని అప్పుడు ఆయన కళ్ళారా చూశాడు.

ఇంతలో గీలాలో ఏం జరిగిందో చూడండి. తోడేళ్ళు, కొండసింహాలు పోయాయి. లెక్క ప్రకారం జింకలు పెరిగాయి. పెరిగి పెరిగి కొండల మీద చిగురన్నది మిగల్చకుండా తినేశాయి. వాటిని తగ్గించాలంటే వేటగాళ్ళు లోపలికి వెళ్ళాలి, వేటగాళ్ళు వెళ్ళాలంటే రోడ్డు కావాలి. అలా, రోడ్డు ఉండకూడదని ఆయన పట్టుబట్టి కాపాడిన అడవి మధ్యలోంచే రోడ్డు వేశారు. అడవి రెండు ముక్కలైంది. అడవిని కాపాడమన్నదీ ఆయనే, తోడేళ్ళని చంపమన్నదీ ఆయనే. తను చేసిన ఒక పని తనే చేసిన ఇంకో పనిని మింగేసింది. ఇంత పెద్ద పొరపాటు తర్వాత చాలామంది నోరు మూసుకుంటారు, లేదంటే ఇతరుల మీదకి తోస్తారు. లియోపోల్డ్ మాత్రం ఆ పొరపాటునే పాఠంగా మార్చుకున్నాడు. ఒక జంతువునో ఒక చెట్టునో విడిగా చూడకూడదు, మట్టి, నీళ్ళు, మొక్కలు, జంతువులు, మనిషి అన్నీ కలిసి ఒకే ఊరు అనే ఆలోచన అక్కణ్ణుంచి మెల్లగా ముదిరింది.

1928లో అటవీశాఖ వదిలి, మిడ్‌వెస్ట్ రాష్ట్రాలన్నీ తిరిగి, ఎక్కడ ఏ అడవి జంతువులు, పక్షులు మిగిలాయో సర్వే చేశాడు. 1933లో విస్కాన్సిన్ యూనివర్సిటీ ఆయనకోసం వన్యప్రాణుల నిర్వహణ అనే కొత్త శాఖలో ప్రొఫెసరు ఉద్యోగం ఏర్పాటు చేసింది. 1935లో రోడ్లు లేని అడవుల కోసం పోరాడే వైల్డర్‌నెస్ సొసైటీ ఏర్పడితే, స్థాపకుల్లో ఆయన ఒకడు.

ఆ 1935లోనే ఆయనకి తన చోటు దొరికింది. చూస్తే ఎవరూ మెచ్చరు. బరాబూ ఊరి దగ్గర, విస్కాన్సిన్ నది పక్కన 80 ఎకరాలు. అంతకుముందు హో-చంక్ ప్రజల నేల, తర్వాత పొలం, దున్ని దున్ని సారం పోయాక ఉత్త ఇసుక. ఉన్న ఇల్లు కాలిపోయింది. మిగిలింది ఒక కోళ్ళ షెడ్డు, లోపలంతా పేరుకుపోయిన పెంట. వేటకి వచ్చినప్పుడు తలదాచుకోవటానికి చాల్లే అనుకుని తీసుకున్నాడు. భార్య, అయిదుగురు పిల్లలు కలిసి పెంట ఎత్తిపోశారు. వరదకి కొట్టుకొచ్చిన చెక్కలు ఏరుకొచ్చి గోడలు, బల్లలు చేశారు. పొయ్యి కట్టారు. కరెంటు లేదు. నీళ్ళకి చేతి పంపు. దొడ్డిని మాత్రం ఘనంగా పార్థెనాన్ అని పిలుచుకునేవాళ్ళు. మూత మీద కూడా నిప్పులు పోసే బరువైన ఇనప పాత్రలో వంట. ఆ గుడిసెని వాళ్ళు షాక్ అనేవాళ్ళు, ఇప్పటికీ అదే పేరు.

ఎస్టెల్లా గారి గురించి ఒక మాట చెప్పకపోతే మన కాలేజీ పత్రికకి న్యాయం కాదు. ఆమె విలువిద్యలో విస్కాన్సిన్ రాష్ట్ర మహిళల ఛాంపియన్. ఇసుకలో మొక్కలు నాటే పనిలో పిల్లలతో పాటు ఆమె చేతులూ ఉన్నాయి. ప్రతి వసంతంలో వేల పైన్ మొక్కలు నాటేవాళ్ళు. 1936లో కరువొచ్చి నాటినవాటిలో చాలావరకు ఎండిపోయాయి. మరుసటి ఏడు మళ్ళీ నాటారు. దున్నేసిన గడ్డిమైదానపు మొక్కల్ని కూడా ఎక్కడెక్కడో మిగిలిన చోట్ల నుంచి తెచ్చి పెట్టారు.

లియోపోల్డ్ తెల్లవారకముందే లేచి, కాఫీ కుండ, నోటుపుస్తకం పట్టుకుని గుడిసె ముందు బల్ల మీద కూర్చునేవాడు. ఏ పిట్ట ఎన్నింటికి, ఎంత వెలుతురులో మొదటి కూత కూసిందో రాసుకునేవాడు. నిశ్శబ్దం అంటే చప్పుడు లేకపోవటం కాదని ఇక్కడ నాకర్థమైంది. మనుషుల చప్పుడు తగ్గితే వినబడేదే ఆ నిశ్శబ్దం. పిట్టలు ఉంటేనే అది వినబడుతుంది, చెట్లుంటేనే పిట్టలుంటాయి. చెట్లు లేని ఇసుకలో కాబట్టి ఆయన ముందు చెట్లు నాటాల్సివచ్చింది. కుర్రతనంలో ఆయన ప్రశాంతమైన చోటు దొరుకుతుందనుకున్నాడు. నడివయసులో దాన్ని కాపాడుకోవాలనుకున్నాడు. యాభై దగ్గరపడ్డాక పాడైపోయిన చోటుని తీసుకుని బాగుచేయటం మొదలుపెట్టాడు.

అన్నీ గెలవలేదు. విస్కాన్సిన్ ఉత్తరాన ఫ్లాంబో అనే నది ఉంది. ఇళ్ళు, ఆనకట్టలు లేని కొంత పొడవుని పడవల్లో వెళ్ళి ఒడ్డున టెంట్లు వేసుకునే కుర్రాళ్ళ కోసం అలాగే ఉంచాలని రాష్ట్ర సంరక్షణ కమిషన్ ప్రయత్నించింది. 1943 నుంచి ఆయన అందులో సభ్యుడు. అక్కడి పాడిరైతులకి మాత్రం కరెంటు కోసం ఆనకట్ట కావాలి. 1947లో శాసనసభ రైతుల వైపే నిలబడింది. చదువుతుంటే నాకు ఎవరి పక్షం వహించాలో తెలియలేదు. పాలు పితికే ఇంటికి కరెంటు వద్దని మనం ఎలా అంటాం? అలాగని నది మళ్ళీ వస్తుందా? లియోపోల్డ్ ఓడిపోయాడు, ఆ నది కథ రాసిపెట్టాడు.

అలా రాసిన వ్యాసాలన్నీ ఒక పుస్తకంగా వేయమని ఏళ్ళ తరబడి ప్రచురణకర్తల చుట్టూ తిరిగాడు. తిప్పి పంపారు. చివరికి 1948 ఏప్రిల్ 14న ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ఒప్పుకుంది. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 21న, భార్య, చిన్నకూతురు ఎస్టెల్లాతో గుడిసె దగ్గర ఉండగా పక్కవాళ్ళ నేలలో మంట లేచి గడ్డికి అంటుకుంది. నాటిన పైన్ చెట్ల వైపు వస్తుందని ముగ్గురూ పరిగెత్తారు. మంట ఆర్పుతుండగానే గుండె ఆగి ఆయన చనిపోయాడు. వయసు 61. బర్లింగ్టన్‌లోనే సమాధి చేశారు. పుస్తకాన్ని లూనా చూసి పూర్తిచేశాడు, 1949లో అచ్చయింది. పేరు ఏ శాండ్ కౌంటీ ఆల్మనాక్. మొదట నెమ్మదిగా సాగినా, 1960ల చివర్లో చవక ప్రతి వచ్చాక ఇరవై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. పిల్లల్లో స్టార్కర్, లూనా, ఎస్టెల్లా ముగ్గురూ అమెరికా జాతీయ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు.

1964లో అమెరికా పార్లమెంటు చట్టం చేసి 91 లక్షల ఎకరాలని రోడ్లు లేని అడవులుగా ప్రకటించింది. అందులో గీలా ఉంది. మిడ్‌వెస్ట్‌లో మిన్నెసోటా సరిహద్దు సరస్సులూ ఉన్నాయి. ఇప్పుడు అక్కడ టెంటు వేసే చోట ఒక ఇనప పొయ్యి, అడవిలో ఒక మరుగుదొడ్డి, అంతే ఉంటాయి. గుడిసె పక్కనుంచి పోయే విస్కాన్సిన్ నదికి దిగువన కూడా వేసవిలో పడవల్లో వచ్చి, ఇసుకతిన్నెల మీద టెంట్లు వేసుకుంటారు. నీళ్ళు పెరిగితే తిన్నె ఉండదు, అందుకని ఎత్తు చూసి వేసుకోవాలి. గాజు సీసాలు తేకూడదు. రోడ్డు పడి విడిపోయిన గీలా రెండో ముక్కకి 1980లో ఆల్డో లియోపోల్డ్ పేరు పెట్టారు. గౌరవంగానే పెట్టారు. నాకు మాత్రం అది ఆయన పొరపాటుకి కూడా గుర్తులాగే కనిపిస్తుంది. ఆయన ఉంటే దానికి బాధపడేవాడు కాదనుకుంటాను.

ఆ కోళ్ళ షెడ్డు ఇప్పటికీ ఉంది. చుట్టూ ఆ కుటుంబం నాటిన పైన్ చెట్లు ఆకాశానికి పెరిగి ఉన్నాయి. దూరదూరాల నుంచి జనం వచ్చి చూసిపోతారు. అక్కడికి చేరటం కష్టమేమీ కాదు, దగ్గర్లోనే రోడ్డుంది. రోడ్డు లేని చోటు కోసం అంత తిరిగిన మనిషి చివరికి తనదనుకున్న చోటు రోడ్డుకి కొంచెం దూరంలోనే ఉంది.

— ద్వితీయ సంవత్సరం, బి.ఏ.